1970 షెవెల్‌లో నీలం ఇంజిన్: అమెరికన్ మజిల్ కార్ల అసలు ఇంజిన్ రంగులు

షెవ్రొలే వారి శక్తిమంతమైన 'మజిల్' కారు అయిన 1970 మోడల్ షెవెల్ ఎస్ఎస్ 396 కొన్నారనీ, హుడ్ (బానెట్) ఎత్తి చూస్తే ఇంజిన్ అంతా నీలం రంగులో ఉందనీ, అమ్మినాయన మాత్రం అది ఫ్యాక్టరీ రంగేనని నమ్మబలికారనీ, దుకాణానికి వెళితే 'షెవ్రొలే ఆరెంజ్' అనే ఒకే పేరున్న డబ్బాలే ఒకదానికొకటి పొంతన లేకుండా కనిపించాయనీ, వాటిలో ఏది కొనాలో చెప్పమనీ మీరు అడిగారు. ముందుగా సూటి సమాధానం ఇస్తాను. 1970లో షెవ్రొలే కార్లలో అమర్చిన వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న) ఇంజిన్లు నారింజ రంగువే. మీ కారుతోపాటు పుట్టిన ఇంజిన్ అయితే దానిది కూడా ఆ రంగే అయి ఉండాలి. అందువల్ల మీ విషయంలో జరిగి ఉండగలవి రెండే. పాత యజమానుల్లో ఎవరో అసలు ఇంజిన్ మీద నీలం కొట్టి ఉండాలి, లేదా అసలు ఇంజిన్ ఎప్పుడో పోయి దాని స్థానంలో తర్వాతి కాలపు ఇంజిన్ వచ్చి ఉండాలి. వీటిలో ఏదో తేలేదాకా పెయింట్ డబ్బా మూత తీయవద్దని నా సలహా, ఎందుకంటే రుజువు ఇప్పుడున్న పొరల కిందనే ఉంది, మీరు వేసే కొత్త పూత దాన్ని ఇంకా లోతుకు తొక్కేస్తుంది.

నీలం అనగానే నాకు తర్వాతి కాలపు ఇంజిన్ మీదకే అనుమానం పోవడానికి కారణం ఉంది. జనరల్ మోటార్స్‌లో ఒక విభాగమైన షెవ్రొలే తన చిన్న బ్లాక్ వీ8ను (దాని రెండు ఇంజిన్ కుటుంబాల్లో చిన్నదాన్ని) 1955లో తెచ్చినప్పటి నుంచి 1976 దాకా ఈ నారింజ రంగు ఆ విభాగానికి గుర్తుగా నిలిచింది. ఘనపు అంగుళాల్లో ఇంజిన్ పరిమాణం 409 అయినా, 302 అయినా, 454 అయినా రంగులో తేడా లేదు. 1977 మోడల్ సంవత్సరంలో జనరల్ మోటార్స్ తన విభాగాలన్నింటికీ కలిపి ఒకే నీలం రంగును తీసుకువచ్చింది. దాన్నే ఇక్కడి మెకానిక్‌లు కార్పొరేట్ బ్లూ అంటారు. 1980ల తొలి ఏళ్లలో దాని స్థానంలోకి నలుపు వచ్చింది. ఆ మధ్యకాలంలో వచ్చిన 454 ఇంజిన్లు ట్రక్కుల్లో కోకొల్లలు. మీ కారులో ఉండవలసిన ఇంజిన్, ఈ 454 'బిగ్ బ్లాక్' అనే ఒకే పెద్ద ఇంజిన్ల కుటుంబానికి చెందినవి కాబట్టి బయటి రూపం చూసి వాటిని వేరు చేయడం అనుభవం ఉన్నవారికి కూడా కష్టమే. ఎనభైలలో, తొంభైలలో అరిగిపోయిన 396ను పక్కన పడేసి, ట్రక్కు నుంచి తీసిన 454ను అదే మౌంట్ల మీద కూర్చోబెట్టడం ఎంత మామూలు పనంటే, అప్పట్లో దాన్ని ఎవరూ దాచుకోవలసిన సంగతిగా కూడా భావించలేదు. అన్నట్టు, 1970లో 396 అని బ్యాడ్జీ పెట్టిన బిగ్ బ్లాక్ అసలు ఘనపరిమాణం 402 ఘనపు అంగుళాలు. ఆ సంఖ్య ఎక్కడైనా కనిపిస్తే కంగారు పడకండి.

రంగు సంగతి తేల్చుకోవడానికి ముందు బ్లాక్ మీద ఉన్న అంకెలు చదవాలి. ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్‌కు ముందు భాగంలో, బ్లాక్ పైఅంచున చదునైన చిన్న పట్టీ ఉంటుంది. దాని మీద ఇంజిన్ ప్లాంటు అక్షరం, తయారైన నెల, తేదీ, చివర ఆ ఇంజిన్ రకాన్ని తెలిపే అక్షరాలు గుద్ది ఉంటాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండాలో తయారైన బిగ్ బ్లాకులకు మొదటి అక్షరం 'టీ', మిషిగన్‌లోని ఫ్లింట్‌లో తయారైన చిన్న బ్లాకులకు 'వీ'. రకాన్ని తెలిపేవి 1969 దాకా రెండక్షరాలు, 1970 నుంచి మూడు. ఉదాహరణకు 1969 కమారో జెడ్/28 కారులోని 302 ఇంజిన్‌కు 'డీజెడ్' అని ఉంటుంది. ఆ పట్టీ దగ్గరే కారు గుర్తింపు సంఖ్యలోని చివరి భాగం కూడా గుద్ది ఉంటే, అది మీ డాష్‌బోర్డు మీది సంఖ్యతో కలిస్తే, ఇంజిన్ మీ కారుదే. 'సీఈ' అని మొదలైతే అది వారంటీ కింద కంపెనీ ఇచ్చిన మార్పిడి బ్లాక్. దాన్ని నకిలీ అనలేం గానీ, దాని మీది రంగును కారు పుట్టిననాటి రంగుకు సాక్ష్యంగా తీసుకోలేం. బ్లాక్ మీద పోతలోనే వచ్చిన తేదీ వేరుగా ఉంటుంది. అక్కడ జనవరికి 'ఏ', ఫిబ్రవరికి 'బీ' అన్నట్టు నెలకొక అక్షరం, తర్వాత రోజు, తర్వాత సంవత్సరంలోని చివరి అంకె మాత్రమే ఉంటాయి. అంటే చివరి సున్నా 1970 కావచ్చు, 1980 కూడా కావచ్చు. అందువల్లనే పట్టీ మీది అక్షరాలు, పోత సంఖ్య, పోత తేదీ మూడూ కలిపి చదివితే తప్ప నిర్ణయానికి రాకూడదు.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. ఆ పట్టీని వైర్ బ్రష్‌తో గాని, గరుకు కాగితంతో గాని ముట్టుకోవద్దు. ఫ్యాక్టరీలో బ్లాక్ పైముఖాన్ని చదును చేసిన పరికరం వదిలిన సన్నని సమాంతర గీతలు ఆ పట్టీ మీద ఉంటాయి. అంకెలు అసలువో, తర్వాత ఎవరైనా గుద్దినవో చెప్పేవి ఆ గీతలే. వాటిని రుద్ది చెరిపేస్తే, అసలు ఇంజిన్ ఉన్న కారు కూడా కొనేవాడి కళ్లకు అనుమానాస్పదంగానే కనిపిస్తుంది. రంగు కరిగే ద్రావకంలో ముంచిన మెత్తని టూత్‌బ్రష్ చాలు.

ఇంజిన్ మీ కారుదేనని తేలిందనుకుందాం. అప్పుడు పొరల పరీక్షకు వెళ్లవచ్చు. కనిపించే ముఖాల మీద వెతకడం దండగ. అక్కడి రంగును ఏళ్ల తరబడి వేడి, నూనె, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు నీరు తినేసి ఉంటాయి. ఇంజిన్ ప్లాంటులో రంగు వేసిన తర్వాత, కారు ప్లాంటులో బిగించిన భాగాల కింద చూడాలి. ఇంజిన్ మౌంట్ల బ్రాకెట్లు, ఆల్టర్నేటర్ బ్రాకెట్, పవర్ స్టీరింగ్ పంపు బ్రాకెట్ అలాంటివి. మౌంటు బ్రాకెట్ విప్పగానే దాని ఆకారంలోనే ఒక మచ్చ బయటపడుతుంది. చుట్టూ నల్లటి జిడ్డు, మధ్యలో గాలి వెలుతురు సోకని పెయింటు. యాభై ఏళ్ల కిందటి నారింజ అక్కడ ఇప్పటికీ నిగనిగలాడుతూ ఉండడం నేను చాలా ఇంజిన్ల మీద చూశాను. అది కనిపించిన చోట, రూపాయి బిళ్లంత మేర 600 నంబరు తడి గరుకు కాగితంతో నెమ్మదిగా వలయాకారంలో రుద్దితే, పైపొర నుంచి అడుగుపొర దాకా వలయాలు వలయాలుగా తేలతాయి. మీ దాంట్లో బయటి వలయం నీలం అవుతుంది, దాని లోపల మరేదైనా ఉండవచ్చు, అన్నింటికన్నా లోపలి వలయమే మనకు కావలసినది.

ఆ వలయాల్లో చూడవలసిన ముఖ్యమైన సంగతి రంగు ఒక్కటే కాదు. ఫ్యాక్టరీలో ప్రైమర్ వేసే అలవాటు లేదు. పోత ఇనుము మీద నేరుగా ఎనామిల్ కొట్టేవారు. కాబట్టి నారింజ పొర కింద వెంటనే బూడిదరంగు ఇనుము తగిలితే అది ఫ్యాక్టరీ పూత అయ్యే అవకాశం ఎక్కువ. నారింజ కింద ఎర్రటి ప్రైమరో, బూడిదరంగు ప్రైమరో కనిపిస్తే మాత్రం ఎవరో ఒకసారి ఇంజిన్ విప్పి రీబిల్డ్ చేసి, మళ్లీ రంగు వేశారన్న మాట. రీబిల్డ్ షాపుల్లో బ్లాకును వేడి కాస్టిక్ తొట్టెలో ముంచేవారు కాబట్టి పాత రంగు ఆనవాలు లేకుండా పోయి ఉండవచ్చు. అలాంటప్పుడు తొట్టెలో పడని భాగాల మీద, అంటే ముందున్న టైమింగ్ కవర్, ఆయిల్ పాన్, వాటర్ పంపు వెనక ముఖం లాంటి చోట్ల వెతకండి. వీటిని మార్చకుండా తిరిగి బిగించిన సందర్భాలు చాలా ఉంటాయి.

రుద్దేటప్పుడు తడిగానే రుద్దమన్నది పద్ధతి కోసం మాత్రమే కాదు. ఆ కాలంలో నారింజ, ఎరుపు రంగులకు సీసం, క్రోమియం ఉన్న వర్ణకాలు వాడడం సర్వసాధారణం. పొడిగా రుద్దితే ఆ ధూళి మీ ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి మీ బట్టలతో ఇంట్లోకి వస్తుంది. పిల్లలున్న ఇంటి గరాజ్‌లో ఈ పని అసలు చేయవద్దు.

మీరు షెవ్రొలే గురించే అడిగినా, ఈ నీలం వేరే కంపెనీ అలవాటు నుంచి వచ్చిందేమో అని కూడా సందేహించారు కనుక, మిగతా కంపెనీల సంగతి కూడా చెప్పాలి. నిజానికి ఆసక్తికరమైన కథ అక్కడే ఉంది. షెవ్రొలే రెండు దశాబ్దాల పాటు ఒకే రంగును పట్టుకుని ఉంటే, అదే జనరల్ మోటార్స్ గొడుగు కింద ఉన్న మిగతా విభాగాలు ఎవరి దారి వారిదన్నట్టు నడిచాయి. పాంటియాక్ ఇంజిన్ ఆ రోజుల్లో పూర్తిగా పాంటియాక్ సొంత ఇంజిన్. 1964, 1965 జీటీఓ కార్లలోని 389 లేత నీలంలో వచ్చింది. 1966లో దాన్ని వదిలి, వెండి మెరుపు కలిసిన నీలానికి మారారు. 1971 నుంచి ఆ నీలం ముదిరింది. కాబట్టి 'పాంటియాక్ బ్లూ' అని రాసిన ఏదో ఒక డబ్బా తెచ్చి 1965 కారుకూ 1969 కారుకూ వేస్తే కనీసం ఒకటైనా తప్పవుతుంది. బ్యూయిక్ పాత 401, 425 ఇంజిన్లకు ఆకుపచ్చ వాడి, 1967లో కొత్త తరం 400, 430 వచ్చినప్పుడు ఎరుపుకు వెళ్లింది. 1970 జీఎస్ఎక్స్ కారులో ఉన్న 455 కూడా ఎరుపే.

ఓల్డ్స్‌మొబీల్ వారిది మాత్రం ప్రత్యేకమైన పద్ధతి. వారు రంగుతో ఘనపరిమాణాన్నే గుర్తించేవారు. 1968-69లలో 350 బంగారు రంగు, 442 అనే కారులో వచ్చిన 400 కంచు రంగు, పెద్ద కార్లలోని 455 ఎరుపు. 1970లో 442కు 455 ఇచ్చేసరికి ఆ 455 లోహపు మెరుపున్న నీలం అయింది. అంటే పక్కపక్కనే నిలబెట్టిన 1969, 1970 442ల హుడ్లు ఎత్తితే ఒకదానిలో కంచు, మరొకదానిలో నీలం. ఒకే పేరున్న కారు, ఏడాది తేడా, రెండూ సరైనవే. ఈ పద్ధతిని కనిపెట్టిన వారిని నేను మనసులో మెచ్చుకోకుండా ఉండలేను, ఎందుకంటే హుడ్ ఎత్తగానే మెకానిక్‌కు ఏ ఇంజిన్ ముందు నిలబడ్డాడో తెలిసిపోయేది. 1977లో అన్ని విభాగాలకూ ఒకే నీలం వచ్చేసరికి ఆ సౌకర్యం పోయింది. అదే ఏడాది, ఓల్డ్స్‌మొబీల్ కొన్నామనుకున్న వారికి తమ కారులో షెవ్రొలే 350 ఉందని తెలిసి గొడవ మొదలై కోర్టుల దాకా వెళ్లింది.

ఫోర్డ్ విషయంలో గీత గీయవలసిన సంవత్సరం 1966. అప్పటి నుంచి బ్లాక్, హెడ్లు, వాల్వ్ కవర్లు, ఆయిల్ పాన్ అన్నీ ముదురు నీలంలోనే వచ్చాయి. 428 కోబ్రా జెట్, 351 క్లీవ్‌ల్యాండ్, బాస్ 302ల బ్లాకులు కూడా నీలమే. అంతకు ముందు, 1964 ఏప్రిల్‌లో మస్టాంగ్ విడుదలైనప్పుడు, బ్లాక్ నలుపు, వాల్వ్ కవర్లు, ఎయిర్ క్లీనర్ మాత్రం ఇంజిన్‌ను బట్టి వేరే రంగు. 260కి లేత నీలం, 289కి బంగారు రంగు, ఆరు సిలిండర్ల వాటికి ఎరుపు. 289లోనే హై పెర్ఫార్మెన్స్ రకానికి క్రోమ్ కవర్లు వచ్చేవి, కానీ 1965లో దాని బ్లాక్ నలుపు, 1966లో నీలం. ప్రదర్శనల్లో 1965 కారు ఇంజిన్‌కు ఆసాంతం నీలం కొట్టి, యజమాని గర్వంగా పక్కన నిలబడి ఉండడం తరచుగా కనిపించే దృశ్యం. దానికి తోడు దుకాణంలో 'ఫోర్డ్ బ్లూ' అని అమ్మే డబ్బాల్లో ఇంకా పాత కాలపు ఇంజిన్లకు సరిపోయే లేత రకం ఒకటి, 1966 తర్వాతి ముదురు రకం ఒకటి ఉంటాయి. మూత మీది రంగు బిళ్ల చూడకుండా పేరు చూసి కొనేవారు తప్పు రకం తెచ్చుకుంటారు.

క్రైస్లర్ వారివి అన్నింటికన్నా చిక్కు. 426 స్ట్రీట్ హెమీ 1966 నుంచి 1971 దాకా నారింజ రంగు, దాని మీద ముడతల నల్లపూత వేసిన వాల్వ్ కవర్లు. దాన్ని చూసి క్రైస్లర్ వారి ప్లిమత్, డాడ్జ్ కార్లలోని శక్తిమంతమైన ఇంజిన్లన్నీ నారింజేనని చాలామంది అనుకుంటారు. 1969లో నాలుగు బ్యారెళ్ల (గాలి దారుల) కార్బురేటర్ ఉన్న 440 టర్కోయిస్, అంటే నెమలి మెడ ఛాయ. ఆ ఏడాది మధ్యలో మూడు కార్బురేటర్లతో వచ్చిన 440 సిక్స్ ప్యాక్ మాత్రం నారింజ. 1970కి వచ్చేసరికి 440 మాగ్నమ్ కూడా నారింజ అయింది. అదే 1970లో 335 హార్స్‌పవర్ 383 నారింజ అయితే, మామూలు రెండు బ్యారెళ్ల 383 టర్కోయిస్. 340 అయితే 1968-69లలో ఎరుపు, 1970లో నారింజ, 1972 నాటికి మిగతా వాటితోపాటు నీలం. ఈ కంపెనీ కారు ఎవరి దగ్గరైనా ఉంటే, ఇంజిన్ సైజు ఒక్కటీ చెబితే రంగు చెప్పలేం. ఏ సంవత్సరం, ఏ కార్బురేటర్, హై పెర్ఫార్మెన్స్ రకమా కాదా అన్నవన్నీ చెప్పాలి.

పేర్ల వల్ల వచ్చే గందరగోళం ఒకటి ఉంది. అది మీకు కూడా ఎదురవుతుంది. 1969 కమారోకు ఇచ్చిన 'హగ్గర్ ఆరెంజ్' బాడీ రంగు, ఇంజిన్ రంగు కాదు. అలాగే 1970లో డాడ్జ్ 'హెమీ ఆరెంజ్' అని పిలిచింది ఈవీ2 అనే బాడీ రంగును. అదే రంగును ప్లిమత్ 'టార్ రెడ్' పేరుతో అమ్మింది. హెమీ ఇంజిన్ మీది నారింజ వేరు, ఆ ఛాయ వేరు. కలర్ కోడ్ చెప్పి పెయింట్ కలిపించుకునేటప్పుడు కౌంటరు వెనక ఉన్న కుర్రాడు బాడీ రంగుల పట్టికలో వెతుకుతాడని గుర్తుంచుకోండి.

ఫ్యాక్టరీ రంగు అంటే మనవాళ్ల మనసులో మెదిలే చిత్రం, ప్రదర్శనలో అద్దంలా మెరిసే ఇంజిన్. వాస్తవం దానికి చాలా దూరం. ఇంజిన్‌ను దాదాపుగా పూర్తిగా బిగించి, కదిలే లైను మీద వేలాడదీసి, కొద్ది సెకన్లలో స్ప్రే కొట్టి పంపేవారు. కింది భాగంలో, పంపు వెనక సందుల్లో పెయింటు పడేదే కాదు, మరికొన్ని చోట్ల కారి గడ్డకట్టేది. బోల్టు తలల మీద, గాస్కెట్ అంచుల మీద కూడా నారింజ పడేది. బోల్టు తలలు విడిగా శుభ్రంగా మెరుస్తూ, గాస్కెట్ అంచు తెల్లగా కనిపిస్తే, అది తర్వాత జరిగిన పని అని ఇట్టే పసిగట్టవచ్చు. షెవ్రొలే ఇంజిన్లలో చాలా వాటికి ఎగ్జాస్ట్ మానిఫోల్డులు (కాలిన వాయువులను బయటికి పంపే గొట్టాలు) బిగించి ఉండగానే స్ప్రే కొట్టడం వల్ల వాటి అంచుల మీద కూడా నారింజ తుంపరలు పడేవి, కారు నడిచిన కొద్దికాలానికే అవి మాడి రాలిపోయేవి. హెడ్ల మీద ఎగ్జాస్ట్ పోర్టుల పక్కనున్న రంగు కూడా అంతే. కొత్త కారు కొన్న కొన్నాళ్లకే అక్కడ ఇనుము బయటపడి తుప్పు పట్టడం మామూలు.

మీ కారుకు సంబంధించి ఇక్కడ తప్పక చూడవలసినది ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే గాలిని, ఇంధనాన్ని సిలిండర్లకు పంచే భాగం. 350 హార్స్‌పవర్ ఎల్34 ఇంజిన్‌కు పోత ఇనుప ఇన్‌టేక్ వచ్చింది, దాన్ని ఇంజిన్‌తోపాటు నారింజగానే వేశారు. 375 హార్స్‌పవర్ ఎల్78కి అల్యూమినియం ఇన్‌టేక్, దాన్ని అల్యూమినియం రంగులోనే వదిలారు, అంచుల దగ్గర నారింజ తుంపర మాత్రం ఉండేది. అదే ఏడాది 454లలో కూడా ఇదే తేడా. 360 హార్స్‌పవర్ ఎల్ఎస్5కి ఇనుము, 450 హార్స్‌పవర్ ఎల్ఎస్6కి అల్యూమినియం. ఎస్ఎస్ కార్ల వాల్వ్ కవర్లు క్రోమ్‌వి. వాటికి రంగు వేయకూడదు. కారు ప్లాంటులో కలిపిన బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే కవచం) అల్యూమినియం, దానికి కూడా నారింజ ఉండదు. పుల్లీలు నలుపు. అమ్మినాయన చూపిన ఇంజిన్‌లో వీటన్నింటికీ కలిపి నీలం కొట్టి ఉంటే, ఆ పని ఫ్యాక్టరీది కాదని చెప్పడానికి అదొక్కటే సరిపోతుంది.

ఇక ఎంతవరకు వెళ్లాలన్నది మీ ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. షెవ్రొలే వారి స్పోర్ట్స్ కారు కార్వెట్ యజమానుల సంఘం ఎన్‌సీఆర్‌ఎస్ 1974లో మొదలైన నాటి నుంచి పట్టుబట్టిన సూత్రం, కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలన్నది. అంతకన్నా అందంగా చేస్తే మార్కులు పెరగవు, తగ్గుతాయి. షికాగోలో ఏటా జరిగే మజిల్ కార్ అండ్ కార్వెట్ నేషనల్స్ లాంటి చోట షెవెల్‌లను కూడా దాదాపు అదే కళ్లతో చూస్తారు. అలాంటి పోటీకి పెట్టేటట్టయితే తుంపరలు, వదిలేసిన సందులు, గాస్కెట్ అంచుల రంగు అన్నీ కావాలనే పునఃసృష్టించాలి. అది మామూలు పెయింటింగ్ కన్నా కష్టమైన పని. మీరు ఉంటున్నది మిషిగన్‌లోని ట్రాయ్‌లో కాబట్టి ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపులో తిప్పి, ఆదివారాలు కుటుంబంతో బయటికి వెళ్లడమే లక్ష్యమైతే ఇంత శ్రమ అక్కర్లేదు. నా దృష్టిలో నడిపే కారుకు ప్రైమర్ లేకుండా రంగు వేయడం అనవసరమైన వ్రతం. మిషిగన్ ఉప్పుకు అది రెండు మూడు శీతాకాలాలు కూడా ఆగదు.

షేడ్ కలపడానికి, మౌంటు బ్రాకెట్ కింద దొరికిన అసలు రంగునే ఆధారం చేసుకోండి. ఆ మచ్చను మెత్తని గుడ్డతో, మినరల్ స్పిరిట్స్‌తో తుడిచి, ఎండలో చూడండి. గరాజ్ ట్యూబులైటు కింద నారింజ ఎర్రగానో పసుపుగానో కనిపించి మోసం చేస్తుంది. ఫోన్ ఫొటోలను, ఇంటర్నెట్‌లోని చిత్రాలను అసలు నమ్మవద్దు. ఒక్కో కంపెనీ 'షెవ్రొలే ఆరెంజ్' నుంచి ఒక్కో డబ్బా కొని, చిన్న ఇనుప రేకు ముక్కల మీద విడివిడిగా కొట్టి, పూర్తిగా ఆరిన తర్వాత ఆ మచ్చ పక్కన పెట్టి చూస్తే సరిపోయేది ఏదో మీ కళ్లే చెబుతాయి. తడిగా ఉన్నప్పటి ఛాయను చూసి నిర్ణయం తీసుకోకండి. మెరుపు విషయంలో కూడా అసలు పూత కాస్త తక్కువ మెరుపుదే. బాడీకి వాడే రెండు భాగాల యురెథేన్ కొడితే అది పెట్రోలుకు బాగానే తట్టుకుంటుంది గానీ, మెరుపు తగ్గించే పదార్థం కలపకపోతే బొమ్మ ఇంజిన్‌లా కనిపిస్తుంది. పైగా దాని హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హానిచేసే ఐసోసయనేట్లు ఉంటాయి, బయటి నుంచి గాలి అందించే మాస్క్ లేనివారు దాని జోలికి పోకూడదు. మీలాంటి వారికి డబ్బాలో దొరికే ఇంజిన్ ఎనామిల్ చాలు. అది 260 డిగ్రీల సెల్సియస్ దాకా ఆగుతుందని డబ్బా మీద రాసి ఉంటుంది. బ్లాకుకు, హెడ్లకు అంత చాలు. ఎగ్జాస్ట్ మానిఫోల్డుల వేడి దానికి చాలా పైన ఉంటుంది కనుక వాటికి ఈ పెయింటు వేస్తే మొదటి రోజే పొగ వస్తుంది. వాటిని శుభ్రం చేసి, పోత ఇనుము రంగులో దొరికే అధిక ఉష్ణోగ్రత పూత పలుచగా వేయండి.

అసలు పని కన్నా ముందు పనే ఎక్కువ. జిడ్డు తీసే ద్రావకంతో రెండుసార్లు కడిగి, నీటితో శుభ్రం చేసి, ఆరబెట్టి, చివరగా అసిటోన్‌తో తుడవాలి. పోత ఇనుము రంధ్రాల్లో నూనె దాక్కుని ఉంటుంది. హెయిర్ డ్రయర్‌తో కొంచెం వెచ్చబెడితే అది చెమటలా పైకి వస్తుంది, అప్పుడు మళ్లీ తుడవాలి. గుద్దిన అంకెల పట్టీ మీద టేపు వేయండి. ఒక్కసారే మందంగా కొట్టకుండా, పలుచని పొరలు రెండు మూడు, డబ్బా మీద చెప్పిన విరామంతో వేయండి. ఈ పనికి ఇంజిన్‌ను కారు నుంచి బయటికి తీసే ఉంటారు కాబట్టి ఒక రాత్రి ఆరనిచ్చి, తర్వాత హీట్ ల్యాంపుతో 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇరవై నిమిషాలు ఉంచితే పూత గట్టిపడుతుంది. అలా చేయకుండా నేరుగా స్టార్ట్ చేస్తే, తొలిరోజుల్లో పడ్డ పెట్రోలు చుక్క రంగును ఎత్తేస్తుంది.

వాల్వ్ కవర్ల సంగతి ఒకటి మిగిలింది. క్రోమ్ కవర్లను బిగించి వాటి మీద టేపు చుట్టి రంగు కొట్టాలని ప్రయత్నించకండి. అంచు ఎప్పటికీ సరిగా రాదు. స్వాప్ మీట్‌లో (పాత విడిభాగాల సంతలో) చవకగా దొరికే పాత ఇనుప కవర్లు తెచ్చి, పాత గాస్కెట్లతో వాటిని బిగించి రంగు వేయండి. పూత ఆరిన తర్వాత వాటిని తీసి పక్కన పెట్టి, కొత్త గాస్కెట్లతో క్రోమ్ కవర్లు అమర్చండి.